పక్కింటి కుక్కకీ చట్టం తెచ్చిన రుక్మిణీదేవి

మా మల్కాపురంలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఇక్కడ కాపురం చేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఓ పక్క రిఫైనరీ గొట్టాలు, ఇంకో పక్క సింధియా, షిప్‌యార్డు క్రేన్లు. సముద్రం దగ్గరే అన్న మాటే గానీ ఒంటిమీద చెమట ఆరదు. రెండింటి వేళ వీధిలో మనిషి అలికిడి ఉండదు. ఆ నిశ్శబ్దంలో కిందటి వేసవి అంతా నాకు ఒకటే చప్పుడు వినిపించేది. పక్కింటి మెట్ల కింద, సిమెంటు గచ్చు మీద గొలుసు ఈడ్చుకుంటున్న చప్పుడు.

టామీ అని దాని పేరు. తెల్ల బొచ్చుకుక్క. ఒకప్పుడు తెల్లగా ఉండేదని చెప్పాలి. గొలుసు రెండు మూరలకి మించదు. ఇటు తిరిగితే మెట్టు, అటు తిరిగితే గోడ. పొద్దున్నే సత్తు గిన్నెలో పోసిన నీళ్లు తాగేసేదో, ఒలకబోసుకునేదో గానీ పదకొండయ్యేసరికి గిన్నె బోర్లా పడి ఉండేది. మెడకి బెల్టు ఒరుసుకుని వెంట్రుకలు ఊడిపోయిన చోట చర్మం ఎర్రగా కనిపించేది. మొదట్లో రాత్రిళ్లు మొరిగేది. రాన్రానూ మొరగడం కూడా మానేసింది. నిజం చెప్పొద్దూ, మొరగడం మానేశాకే నాకు భయం వేసింది.

ఇలాంటిది మీకూ ఎదురయ్యే ఉంటుంది. చూస్తూ ఊరుకుంటే అన్నం సహించదు. వెళ్లి అడిగితే మా ఇంటి సంగతి మీకెందుకండీ అంటారేమోనని జంకు. రేపు గ్యాస్ బండ అయిపోయినా, అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొచ్చినా మనం తలుపు తట్టాల్సింది ఆ ఇంటినే కదా! కుక్క కోసం ఇరుగుపొరుగుతో పేచీ పెట్టుకుంటావా అని మావారు. నోరు లేనిది కదమ్మా అని మా అబ్బాయి. ఇద్దరి మాటా కాదనలేక, అసలు దీనికేమైనా చట్టమంటూ ఉందా అని వెతకడం మొదలుపెట్టాను. ఉంది. అందులో గొలుసు పొట్టిగా ఉండటం గురించి కూడా రాసి ఉంది! పోనీ ఇంత చిన్న సంగతి దాకా వెళ్లిన ఈ చట్టం ఎలా వచ్చిందా అని వెనక్కి వెళితే, అక్కడ నాకు కనిపించింది ఏ న్యాయవాదో, పశువుల డాక్టరో కాదు. భరతనాట్యం అనగానే గుర్తొచ్చే రుక్మిణీదేవి అరండేల్.

నాట్యం సంగతి మనందరికీ తెలిసిందే. ఈ రెండో సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

నాలుగేళ్లకోసారి పుట్టినరోజు

రుక్మిణీదేవి 1904 ఫిబ్రవరి 29న మదురైలో పుట్టారు. అంటే పుట్టినరోజు నాలుగేళ్లకోసారే అన్నమాట. తండ్రి నీలకంఠశాస్త్రి ప్రభుత్వ ఇంజనీరు, తల్లి శేషమ్మాళ్. ఆచారం గల బ్రాహ్మణ కుటుంబమే అయినా తండ్రికి దివ్యజ్ఞాన సమాజం మీద గురి కుదిరింది. ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నాక మద్రాసు అడయారులో, సమాజం తోటలకి దగ్గర్లోనే ఇల్లు కట్టుకున్నారు. ఆ తోటలు మనకీ పరాయివి కావు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి బాల్యంలో కొంతభాగం అక్కడే గడిచింది. ఆ సమాజానికి పెద్దదిక్కయిన అనిబిసెంటమ్మ పేరు మదనపల్లె కాలేజీకి ఇప్పటికీ ఉంది.

మనిషిలో ఉన్న ప్రాణమే పశువులోనూ, పక్షిలోనూ ఉందన్నది ఆ సమాజంలో రోజూ వినిపించే మాట. మాట వినేవాళ్లు చాలామందే ఉంటారు. ఆ పిల్ల మనసుకి అది పట్టేసింది.

పదహారో ఏట, 1920లో, రుక్మిణి పెళ్లి జరిగింది. వరుడు జార్జి అరండేల్ అనే ఆంగ్లేయుడు. అనిబిసెంట్‌కి కుడిభుజం లాంటివాడు, వయసు నలభై దాటింది. మద్రాసు అట్టుడికిపోయింది. బ్రాహ్మణ పిల్ల దొరని చేసుకోవడమేమిటని పత్రికలు, సభలు, చెవులు కొరుక్కోవడాలు. చివరికి పెళ్లి బొంబాయిలో చేసుకోవాల్సి వచ్చింది. ఇవాళ్టి కళ్లతో చూస్తే నాకు ఆ జాతి తేడా కన్నా పాతికేళ్ల వయసు తేడాయే ఎక్కువ ఇబ్బందిగా అనిపిస్తుంది. ఏమైనా ఆ కాపురం నిలబడింది. భార్యని ఇంట్లో కూర్చోబెట్టకుండా అరండేల్ దేశదేశాలూ తిప్పాడు. నలుగురూ నాలుగు మాటలంటున్నా తల వంచకుండా నడవడం ఆవిడ ఆ పదహారేళ్లకే నేర్చుకున్నారనుకుంటాను. తర్వాత అది చాలాసార్లు అక్కరకొచ్చింది.

హంస దగ్గర మొదలై...

1928లో రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా బొంబాయి వచ్చింది. చనిపోతున్న హంసగా ఆమె చేసే నృత్యం అప్పట్లో ప్రపంచమంతా మోగిపోతోంది. లండన్లో ఆమె ఇంటి చెరువులో నిజంగానే హంసల్ని పెంచుకునేదట. అరండేల్ దంపతులు ఆస్ట్రేలియా వెళ్తున్న ఓడలోనే పావ్లోవా కూడా వెళ్లడం, స్నేహం కుదరడం జరిగాయి. రుక్మిణీదేవి బ్యాలే పాఠాలు మొదలుపెట్టారు. బ్యాలే సరే, మీ దేశంలోనే గొప్ప నాట్యం ఉంటుంది, దాన్ని వెతుక్కోమని సలహా ఇచ్చింది పావ్లోవాయే.

వెతుకులాట 1933లో మద్రాసు మ్యూజిక్ అకాడెమీలో ఫలించింది. దేవదాసీ కుటుంబాల స్త్రీలు ఆడే సదిర్ అనే నాట్యం అక్కడ చూశారు. ఆ రోజుల్లో పెద్దింటి ఆడవాళ్లు దాని పేరు పైకి అనడానికే సిగ్గుపడేవారు. రుక్మిణీదేవి మైలాపూరు గౌరీ అమ్మాళ్ దగ్గర, తర్వాత పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర నేర్చుకున్నారు. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఏళ్లు. నడుం వంగని వయసని మనం అనుకునేది! 1935లో అడయారులో దివ్యజ్ఞాన సమాజం వేడుకల్లో మొదటిసారి నలుగురి ముందు ఆడారు. మరుసటి ఏడు కళాక్షేత్రం మొదలైంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. తరతరాలుగా ఆ నాట్యాన్ని కాపాడుకొచ్చిన స్త్రీల చేతిలోంచి అది జారిపోయి పెద్దిళ్ల ఆడపిల్లల చేతికి వచ్చింది. శృంగారాన్ని రుక్మిణీదేవి బాగా తగ్గించేశారనీ, నాట్యం ప్రాణమే అదనీ బాలసరస్వతి లాంటి మహానర్తకి వాదించారు. ఆ వాదన ఇవాళ్టికీ తెగలేదు. మన తెలుగు పదవర్ణాలు అభినయించే ఏ పిల్లని చూసినా నాకు ఇద్దరూ గుర్తొస్తారు. అన్నట్టు, మేలట్టూరు భాగవతుల తెలుగు నాటకం ఉషాపరిణయాన్ని కళాక్షేత్రం వేదిక మీదికి తెచ్చింది కూడా రుక్మిణీదేవే.

ఆవిడ చేసిన పనులు రాసుకుంటూ పోతే ఈ పేజీ చాలదు. 1939లో మరియా మాంటిస్సోరిని అడయారుకి పిలిపించింది ఈ దంపతులే. మన పిల్లల్ని వేసే మాంటిస్సోరి బడుల వెనక ఆ పిలుపు కూడా ఉంది. కళాక్షేత్రంలో మగ్గాలు పెట్టించి పాత అంచుల్ని, పాత రంగుల్ని మళ్లీ నేయించారు. పెద్ద అంచుల కళాక్షేత్ర చీర అంటే మోజు పడనివాళ్లు మనలో తక్కువే. జంతువుల కోసం అంత తపించినావిడ పట్టు ఎలా నేయించారబ్బా, పట్టుపురుగుల్ని ఉడకబెడితే గానీ ఆ దారం రాదు కదా అన్న ప్రశ్న నాకూ వచ్చింది. ఎంత గొప్పవాళ్ల బతుకులోనైనా ఇలాంటి ముడి ఒకటి ఉంటుందేమో.

పన్నెండుమందిలో ఒకే ఒక్క ఆడమనిషి

1945లో అరండేల్ పోయారు. పిల్లలు లేరు. నలభై ఒక్క ఏళ్లకి ఒంటరైన ఆవిడ ఆ తర్వాత నలభై ఏళ్లూ పనిలోనే బతికారు.

1952లో రాజ్యసభ మొదటిసారి ఏర్పడినప్పుడు రాష్ట్రపతి పన్నెండుమందిని నియమించారు. శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్, నటుడు పృథ్వీరాజ్ కపూర్, న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, తర్వాత రాష్ట్రపతి అయిన జాకీర్ హుస్సేన్ అందులో ఉన్నారు. పన్నెండుమందిలో ఆడమనిషి రుక్మిణీదేవి ఒక్కరే. నాట్యం గురించో, చేనేత గురించో మాట్లాడతారని అందరూ అనుకుని ఉంటారు. ఆవిడ లేచి జంతువుల గురించి మాట్లాడారు.

అప్పటికి మన దేశంలో ఉన్నది 1890 నాటి చట్టం. అది పట్నాలు దాటి పల్లెలకి వెళ్లదు. పెంపుడు జంతువులూ, పట్టి బంధించినవీ తప్ప మిగతావి దాని లెక్కలోకి రావు. కొన్ని రకాల హింసనే అది తప్పంటుంది. దాని బదులు కొత్తది కావాలని 1953లో ఆవిడ సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వం తరఫున కాదు, మంత్రిగా కాదు, ఒక సభ్యురాలిగా. అలా పెట్టే బిల్లులు నెగ్గడం ఎంత అరుదో పార్లమెంటు తీరు తెలిసినవాళ్లకి తెలుసు. దేశ విభజన గాయాలు మానలేదు, తిండిగింజలకి కరువు, ఇప్పుడు కుక్కల గురించీ ఎద్దుల గురించీనా అని నవ్వుకోవడానికి అది అనువైన కాలం.

1954లో చర్చకి వచ్చినప్పుడు ప్రధాని నెహ్రూ స్వయంగా కల్పించుకున్నారు. మీ ఉద్దేశం మంచిదే, అయితే ప్రభుత్వమే అన్నీ పరిశీలించి సమగ్రంగా చట్టం తెస్తుంది, ఈ బిల్లు వెనక్కి తీసుకోండి అన్నది ఆయన కోరిక.

ఈ చోట నేను కాసేపు ఆగిపోయాను. ఆవిడ స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్ని? పట్టుదలకి పోయి ఓటింగ్ అడిగేదాన్నేమో. ఓడిపోయినా మాట నెగ్గించుకున్నానన్న తృప్తి మిగిలేది, ఎద్దు మెడ మీద కాడి మాత్రం అలాగే ఉండేది. రుక్మిణీదేవి బిల్లు వెనక్కి తీసుకున్నారు. పెద్దవాళ్లు మాటిచ్చారు కదాని చేతులు దులుపుకుని ఇంటికి పోలేదు. ప్రభుత్వం వేసిన కమిటీ దేశంలో జంతువుల స్థితిగతులు పరిశీలించింది. ఏడాదీ రెండేళ్లూ కాదు, ఆరేళ్లకి పైగా పట్టింది. ఈలోగా 1956లో ఆవిడకి పద్మభూషణ్ వచ్చింది, రాజ్యసభ సభ్యత్వం రెండోసారి వచ్చింది. 1960 డిసెంబరులో జంతు హింస నివారణ చట్టం పుట్టింది.

కోరుకున్నదంతా అందులో లేదు. వైద్య పరిశోధన పేరుతో జంతువుల మీద చేసే ప్రయోగాల్ని చట్టం నిషేధించలేదు, పర్యవేక్షణ మాత్రం పెట్టింది. మతాచారం ప్రకారం చేసే వధ జోలికీ వెళ్లలేదు. ఆవిడ పుట్టు శాకాహారి, అంతర్జాతీయ శాకాహార సంఘానికి చాలా ఏళ్లు ఉపాధ్యక్షురాలు. ఎంత బాధపడి ఉంటారో ఊహించుకోవచ్చు. అయినా దొరికినంత తీసుకుని పని మొదలుపెట్టారు. ఆ చట్టం కిందే 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు ఆవిడే. మండలి చాలా దశాబ్దాలు మద్రాసులోనే ఉండి, 2018లో హర్యానాకి మారింది.

కోతుల్ని ప్రయోగాల కోసం విదేశాలకి ఓడల్లో, విమానాల్లో పంపించడాన్ని గట్టిగా వ్యతిరేకించినవారిలో ఆవిడొకరు. మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం 1978లో ఆ ఎగుమతి ఆపేసింది. ఆ మొరార్జీయే అంతకుముందు ఏడాది రాష్ట్రపతి పదవికి నిలబడమని అడిగితే రుక్మిణీదేవి వద్దన్నారు. ఆ ఏడాది రాష్ట్రపతి అయినది మన నీలం సంజీవరెడ్డి, అదీ పోటీ లేకుండా. రాష్ట్రపతి భవనం కాదనుకుని ఆవిడ కళాక్షేత్రం చెట్ల కిందే ఉండిపోయారు. 1986 ఫిబ్రవరి 24న మద్రాసులో కన్నుమూశారు. ఎనభై రెండో పుట్టినరోజు ఇంకో నాలుగైదు రోజుల్లో ఉందనాలి. ఆ ఏడు ఫిబ్రవరికి 29 లేదనుకోండి.

చట్టం ఏమంటుంది

మళ్లీ మన మెట్ల కిందికి వద్దాం. ఆ చట్టంలో పదకొండో సెక్షను ఇంటి జంతువులున్న ప్రతివాళ్లూ ఒకసారి చదవాల్సింది. మరీ పొట్టి గొలుసుతో గానీ, మరీ బరువైన గొలుసుతో గానీ చాలాసేపు కట్టేసి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని కాస్త నడిపించకపోవడం, తిప్పకపోవడం నేరం. చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరం. పీడా వదిలిందని వీధిలో వదిలేసి రావడమూ నేరమే. సంక్రాంతికి మనవైపు జరిగే కోడిపందేలు కూడా ఇదే సెక్షను కిందికొస్తాయి.

శిక్ష మాటేమిటంటారా? మొదటిసారికి పది నుంచి యాభై రూపాయల జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే పాతిక నుంచి వంద, లేదంటే మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 1960లో రాసిన ఆ పది రూపాయలు అరవై ఏళ్లు గడిచినా పది రూపాయలుగానే ఉన్నాయి. పైగా తిండి పెట్టకపోవడం, కట్టేసి ఉంచడం లాంటివి పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరాల్లో లేవు. జరిగిన మూడు నెలల్లోపు కేసు పెట్టాలి. ఇదంతా చదివి మావారు నవ్వారు. పది రూపాయలకి నువ్వు పక్కింటివాళ్లతో యుద్ధం చేస్తావా అని.

నాకు మాత్రం ఆ పది రూపాయల్లో వేరే ఉపయోగం కనిపించింది. ఇది మా ఇంటి సంగతి అనే మాట ఆ చట్టంతో చెల్లదు. కుక్క వాళ్లదే, బాధ మాత్రం వాళ్ల సొంత వ్యవహారం కాదు. రాజ్యాంగంలోనూ ప్రాణుల పట్ల దయ చూపడం పౌరుల విధి అని 1976 సవరణలో చేర్చారు. అడగడానికి నాకు అధికారం ఉందని తెలిశాక గొంతులో వణుకు కాస్త తగ్గింది.

అయితే అడిగే ముందు నేను తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయని పశువుల ఆస్పత్రిలో డాక్టరుగారు చెప్పారు. చిక్కిపోయిన కుక్కంతా పస్తున్న కుక్క కాదట. ముసలితనం, కడుపులో పురుగులు, జబ్బు... ఏదైనా కావచ్చు. మందులు వాడుతున్న కుక్క కూడా మన కంటికి దీనంగానే కనిపిస్తుంది. కాబట్టి ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకూడదు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేర్వేరు వేళల్లో కొన్నాళ్లు చూడాలి. గిన్నెలో నీళ్లున్నాయా, ఎండ ఏ వేళకి మీద పడుతోంది, గోళ్లు వంకర తిరిగేంత పెరిగాయా, చెవుల్లో పిడుదులు ఉన్నాయా, లేచి నిలబడుతోందా... తేదీ వేసి రాసుకోవాలి. నేను పాలవాడి లెక్క రాసే నోటుబుక్కులోనే చివరి పేజీల్లో రాశాను.

అడగకుండా తిండి విసరొద్దని కూడా చెప్పారు. దానికి పడనిదేదో తింటే నేరం మన నెత్తినే పడుతుంది. జాలిపడి గొలుసు విప్పేసి వదిలేయడం అసలు వద్దు. మల్కాపురం రోడ్డు మీద లారీల కింద పడుతుంది, లేదా బెదిరి ఎవర్నో కరుస్తుంది. మనల్నే కరిస్తే మాత్రం పసుపులూ కారాలూ అద్దకుండా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట సేపు కడుక్కుని, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. ఇక మనిషితో మాట్లాడినా వినకపోతే, అప్పుడు కాగితం. జిల్లాకో జంతు హింస నివారణ సంఘం ఉండాలని 2001 నిబంధనలు చెబుతున్నాయి. మన విశాఖలో అయితే 1996లో మొదలైన వీఎస్పీసీఏ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. తేదీలు రాసుకున్న నోటుబుక్కు ఆ రోజున పనికొస్తుంది.

నా నోటుబుక్కులో పదిహేను రోజులు నిండాక, కొత్త ఆవకాయ గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లాను. పనిమనిషి గానీ, పైవాటా వాళ్లు గానీ లేని వేళ చూసుకుని వెళ్లాను. నలుగురిలో అడిగితే ఏ మనిషికైనా పౌరుషం వస్తుంది. వదినగారూ, మన టామీకి ఒంట్లో బాగాలేదేమో అని మొదలుపెట్టాను. మన టామీ అనడం ముందే అనుకుని వెళ్లిన మాటే.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలి గదిలోకి తీసుకెళ్లి చూపించారు. అత్తగారు మంచం మీద ఉన్నారు. మూడు నెలలుగా అన్నీ మంచంలోనే. ముచ్చటపడి కుక్కని తెచ్చిన కొడుకు ఇంజనీరింగు హాస్టల్లో ఉన్నాడు. ఆయనకి షిఫ్టు డ్యూటీలు. ఈవిడకేమో చిన్నప్పుడు కుక్క కరిచిందిట, దగ్గరికి వెళ్లాలంటేనే ఒణుకు. పొద్దున గిన్నె దూరం నుంచి కర్రతో తోసి నీళ్లు పోసేవారట. అది తప్పని తెలుసనీ, రాత్రిళ్లు ఆ గొలుసు చప్పుడు తనకీ వినిపిస్తుందనీ చెప్పి కళ్లు ఒత్తుకున్నారు. ఇన్నాళ్లూ మా ఇంటి గోడకి ఇవతల నేనెలాంటి ఊహలు అల్లుకున్నానో తలుచుకుంటే సిగ్గేసింది. అంతమాత్రాన టామీ మెడ మీద పుండు లేకుండా పోదు కదా. అదీ చెప్పాను. చట్టం సంగతి కూడా చెప్పాను, బెదిరింపులా కాకుండా. అయినా ఆవిడ ముఖం చిన్నబోయింది. తర్వాత వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవకాయ గిన్నె కూడా పనిమనిషి చేతే పంపించారు.

ఎనిమిదో రోజున వాళ్లాయనే వచ్చారు. ఆదివారం ఆయనా, మా అబ్బాయీ కలిసి టామీని ఆటోలో పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లారు. పుండుకి మందు రాశారు, టీకా వేశారు. బెల్టు తీసేసి మెడకి ఒరుసుకోని మెత్తటి పట్టీ కొన్నారు. గొలుసు బదులు పొడుగాటి నైలాను తాడు వచ్చింది. గిన్నె ఒలికిపోకుండా పాత మట్టి కుండీ ఒకటి నేనే ఇచ్చాను. ఎనిమిదింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి నీళ్లు పోసే పని నాది. సాయంత్రం ఆరింటికి వీధి చివరి దాకా నడిపించే పని మావాడిది.

మధ్యాహ్నం రెండింటికి మాత్రం మెట్ల కింద ఎండ ఇంకా పడుతూనే ఉంది. రేకు వేయిస్తామన్నారు, ఇంకా వేయించలేదు. నిన్న మళ్లీ గుర్తుచేశాను.